ఒక్క గోడే అడ్డం

"ముప్ఫై నాలుగేళ్ల పసివాణ్ణి వీధిలోకి తోయడానికి ఎంత దూరం నుంచి వచ్చావమ్మాయ్?" అని అడిగింది మిసెస్ టాటర్సాల్.

బారిస్టర్ హ్యారియెట్‌కు నవ్వాలో వద్దో తెలియలేదు. కోర్టు గది బయట బెంచీ మీద ఆ పెద్దావిడ, పక్కన ఆ పసివాడు. పేరు లైల్. ఆరడుగుల మనిషి. పెద్దమ్మ తెచ్చిన చీజ్ శాండ్‌విచ్‌లలో తన వంతు అయిపోయి, ఆవిడ వంతుకు వచ్చాడు.

"మాంచెస్టర్ నుంచండీ," అంది హ్యారియెట్.

"రైలు ఛార్జీ దండగ."

కేసు పెద్దదేం కాదు. బోల్టన్‌లో ఓ హౌసింగ్ సంస్థ ఇచ్చిన అద్దె ఫ్లాట్‌లో మిసెస్ టాటర్సాల్ నలభై ఒక్క ఏళ్లుగా ఒంటరిగా ఉంటోంది. కిందటి ఆగస్టులో చెల్లెలి కొడుకు రెండు రోజులుండి పోతానని వచ్చాడు. వెంట డ్రమ్ములు తెచ్చుకున్నాడు. ఆ రెండు రోజులు పదకొండు నెలలయ్యాయి.

లైల్ ఆ భవనంలో అడుగు పెట్టకూడదని ఉత్తర్వు ఇవ్వండి. సంస్థ తరఫున హ్యారియెట్ అడగబోయేది అంతే. అది రాకపోతే సంస్థ ఊరుకోదు. చుట్టం చేసిన అల్లరికి అద్దెదారుదే పూచీ కాబట్టి, ఈసారి ఆవిడ ఇంటికే ఎసరు పెడుతుంది. అలాంటి కేసు ఒకటి హ్యారియెట్ ఇదివరకు గెలిచింది. అప్పుడు ఇల్లు పోయిన ముసలాయన సూట్‌కేసు పట్టుకుని మెట్లు దిగడం ఇంకా మరిచిపోలేదు. మళ్లీ అలా గెలవాలని లేదు.

ఇదంతా విడమరిచి చెప్పినా పెద్దావిడ వింటేగా. లైల్ తరఫున సాక్ష్యం చెబుతానని పనిగట్టుకుని వచ్చింది.

"మా చెల్లెలు పోతూ పోతూ నాచేత ఒట్టు వేయించుకుంది," అందావిడ. "నా కొడుక్కి నీ తలుపు ఎన్నడూ మూయొద్దక్కా అంది. మూయనన్నాను. మాటంటే మాటే."

"మా పెద్దమ్మ బంగారం," అన్నాడు లైల్, ఖాళీ అయిన టిఫిన్ డబ్బాకు మూత పెడుతూ.

హ్యారియెట్ హౌసింగ్ ఆఫీసర్ డెస్మండ్‌ను పక్కకు పిలిచింది. ఆమె చేతిలో ఉన్న ఆధారమల్లా ఓ డైరీ. గోల భరించలేక ఫిర్యాదు చేసినవాళ్లకు సంస్థ అచ్చు ఫారాలు ఇస్తుంది. ఏ రోజు, ఏ వేళ, ఏం జరిగింది అన్నది వాళ్లు రాసుకోవాలి. భయపడేవాళ్ల పేరు దాచి, రాత గుర్తుపట్టకుండా టైపు చేయించి, ఆఫీసరే కోర్టుకు తెస్తాడు. ఇందులో ఉన్నది ఒకే ఒక్క మనిషి. పేరుకు బదులు 'సాక్షి-ఏ' అని ఉంది.

"ఇంకెవరూ నోరు విప్పలేదా?"

"విప్పరండీ. వాడి ఆకారం చూశారుగా."

"ఈ సాక్షి పేరు నాకైనా చెప్పొచ్చుగా."

"మాటిచ్చానండీ. మనిషి మాత్రం నిక్కచ్చి."

డైరీ చదువుతుంటే అది నిజమేననిపించింది.

'మంగళవారం 9.20. డ్రమ్ములు. టీ చల్లారిపోయింది. 11.05. ఇంకా డ్రమ్ములే. వాడికి తాళజ్ఞానం లేదు.'

'శుక్రవారం. ఆపమన్నాను. ఇంకోసారి అడిగితే తలుపు పగలగొడతానన్నాడు. కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నాను.'

ఆ శుక్రవారమే హ్యారియెట్ ఆశ. బెదిరింపో హింసో ఉంటే తప్ప ఉంటున్న చోటు నుంచి కోర్టు ఎవరినీ పంపించదు.

విచారణ మొదలైంది. జడ్జి కళ్లజోడు మీదుగా డెస్మండ్‌ను చూసింది.

"ఈ సాక్షి ఎంత దగ్గరలో ఉంటారు?"

డెస్మండ్ గొంతు సవరించుకున్నాడు. "ఒక్క గోడే అడ్డం, మేడమ్."

తర్వాత పెద్దావిడ బోనెక్కింది. హ్యారియెట్ మెల్లగా మొదలుపెట్టింది.

"లైల్ డ్రమ్ములు వాయిస్తాడా, మిసెస్ టాటర్సాల్?"

"వాయిస్తానని వాడంటాడు."

"గట్టిగా వినిపిస్తుందా?"

"నాకు చెవుడు లేదమ్మాయ్."

"తలుపు పగలగొడతానని ఇరుగుపొరుగును బెదిరించాడా?"

"ఇరుగుపొరుగునా? ఎన్నడూ లేదు. ఇప్పుడేగా బైబిల్ మీద ప్రమాణం చేశాను, అబద్ధం ఎలా చెబుతాను?"

లైల్ చంకలు గుద్దుకున్నాడు. హ్యారియెట్‌కు ప్రాణం ఉసూరుమంది. ఈవిడ తన ఇంటిని తానే పోగొట్టుకునేలా ఉంది. ఇక ఆ డైరీనే పట్టుకుని, కాగితం వెంట కాగితం, గొంతు బొంగురుపోయేదాకా వాదించింది.

జడ్జి చాలాసేపు రాసుకుంది.

"ఇంత ఓపిగ్గా ఎవరూ అబద్ధాలు రాయరు," అందామె చివరికి. లైల్ ఇవాళే వెళ్లిపోవాలి. రెండేళ్లపాటు ఆ భవనం గడప తొక్కకూడదు. తొక్కితే పోలీసులు పట్టుకుపోతారు. డ్రమ్ములు సంస్థే పంపిస్తుంది.

కోర్టు గది బయటికి రాగానే లైల్ చిన్నబోయిన మొహంతో నిలబడ్డాడు. "పెద్దమ్మా, నువ్వైనా ఏదో ఒకటి చెయ్యవే."

"నేనేం చెయ్యనురా నాన్నా. నా తలుపు తీసే ఉంది. వాళ్లే నిన్ను రానివ్వడం లేదు." రుమాలుతో కళ్లొత్తుకుని హ్యారియెట్ వైపు తిరిగింది. "నీకు గుండె ఉండాల్సిన చోట బండరాయి పెట్టాడమ్మాయ్ దేవుడు."

హ్యారియెట్ తలొంచుకుంది. ఆవిడ ఇల్లు నిలబడిందన్న సంతోషం కూడా ఆ మాటతో చచ్చిపోయింది. లైల్ కాలరు పైకెత్తుకుని వానలోకి నడిచాడు.

వాడు బస్సెక్కేదాకా కిటికీలోంచి చూసి, మిసెస్ టాటర్సాల్ రుమాలు మడిచి సంచిలో పెట్టుకుని, అందులోంచే రాయకుండా మిగిలిన డైరీ ఫారాలు తీసి డెస్మండ్ చేతికిచ్చింది: "ఇవి మిగిలాయి నాయనా, ఇంకెవరికైనా పనికొస్తాయి."