ఈకల చేప

"ఏ ఎలుగుబంటిని చంపినవ్ హన్మంతూ?"

హన్మంతు చేతిలోని దారం పుటుక్కున తెగింది. తలెత్తి చూస్తే సెలూన్ గుమ్మంలో ఫారెస్టు ఆఫీసర్ చంద్రశేఖర్ నిలబడి ఉన్నాడు. వెనక మన్ననూర్ రోడ్డు మీద జీపు, అందులో ఇద్దరు గార్డులు.

"ఎలుగుబంటేంది సార్? గాలం కడ్తున్న నేను."

అద్దం ముందున్న బల్ల మీద, పట్టకారులో బిగించి ఉంది అతని ఈకల చేప. జానెడు పొడవు. ముందు ఒక గాలం, వెనక ఒక గాలం, రెంటినీ కలుపుతూ పూసలు గుచ్చిన తీగముక్క. నీళ్లలో లాగితే నడుము దగ్గర మడతపడి అచ్చం బతికున్న చేపలా ఒళ్లు తిప్పాలి. చెరువులోని కొరమీను దాన్ని చూసి నోరు తెరవాలి.

ఆ నోరే తెరుచుకోవడం లేదు. సెలూన్‌కు సెలవైన ప్రతి మంగళవారం హన్మంతు చెరువు గట్టు మీదే గడిపాడు. కోడి ఈకలు కడితే తడిసి ముద్దయ్యాయి. మేక వెంట్రుకలు కడితే నీళ్లు తాగి రాయిలా మునిగాయి. విసుగొచ్చి విప్పాడు, కసికొద్దీ మళ్లీ కట్టాడు. చివరికి పోయిన వారం దొరికాయి ఈ నల్లటి వెంట్రుకలు. మూరెడు పొడవు, నిగనిగలాడే మెరుపు. బకెట్లో ముంచి తీస్తే చుక్క నీరు నిలవలేదు. తోక పాములా ఆడింది. ఇక కట్టడం పూర్తయితే చాలనుకుంటే, సార్ వచ్చి సరిగ్గా ఆ తోకనే పట్టుకున్నాడు.

"గింత నల్లటివి, గింత పొడుగువి ఎలుగుబంటికి తప్ప దేనికుంటయి? ఎవరిచ్చిన్రు?"

కుర్చీలో సగం మొహానికి నురగతో కూర్చున్న యేసయ్య నవ్వాడు. "ఈయనకు పిచ్చి సార్. ఈయన ఈకల చేపకు చెరువుల కప్ప గూడ మోసపోలే. ఎలుగుబంటిని ఏం పడ్తడు?"

"నీ గడ్డం సంగతి నువ్వు చూసుకో!" అని గద్దించాడు చంద్రశేఖర్.

"నెలనెలా క్వార్టర్స్‌కొచ్చి మీ జుట్టు చేసిపోయేటోడు సార్. గసుంటోడు దొంగైతడా?" అన్నాడు యేసయ్య.

"అది వేరే ముచ్చట," అన్నాడు చంద్రశేఖర్ గబుక్కున. "చెప్పు హన్మంతూ. ఎవరిచ్చిన్రు?"

హన్మంతు సార్ మొహంలోకి చూసి, వెంటనే కళ్లు దించుకున్నాడు. "జర లోపలికి రాండ్రి సార్. చెవుల చెప్త."

"చెవుల చెప్పి చేతుల పెడ్దామనుకున్నవా? అందరి ముంగట చెప్పు."

అప్పటికే పక్క హోటల్లో చాయ్ తాగుతున్న వాళ్లు గ్లాసులతో సహా గుమ్మం దగ్గరికి చేరారు. గడ్డం గీసేవాడు గీయించుకునేవాడి గుట్టు బయటపెడితే ఆ కుర్చీలో ఇంకెవడూ కూర్చోడు. చెప్పకపోతే జైలు.

"పెద్దమనిషి సార్ ఆయన. పేరు చెప్తే పరువు పోతది."

"ఎంత పెద్దోడైతేంది? వాని పేరు ఊరంత డప్పు కొట్టిస్త!"

"గట్లనకుండ్రి సార్!" హన్మంతుకు ఏడుపొక్కటే తక్కువ. ఉన్నట్టుండి ఏదో తట్టి, అగ్గిపెట్టె అందుకున్నాడు. "పోనీ, ఒక్క పోగు కాల్చి వాసన చూడుండ్రి. జంతువుదో కాదో మీకే తెలుస్తది."

పుల్ల గీసేలోపే సార్ చెయ్యి విసురుగా తగిలి అగ్గిపెట్టె ఎగిరి వాకిట్లో పడింది. "సాక్ష్యం కాలుస్తవా? నా ముంగటనే?"

"అన్నా, చెప్పరాదే!" యేసయ్య గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. "నువ్వు జైలుకు పోతే నీ ఇంటామె బాలమణక్క ఏం గావాలె? గంత దాసుకునేటోడు ఎవడు? వాడొచ్చి నిన్ను విడిపిస్తడా?"

హన్మంతు నోరు తెరిచాడు. సార్ వైపు చూశాడు.

"నాకు తెల్వదు."

"అయితే ఎక్కు జీపు."

హన్మంతు భుజం మీది తువ్వాలు తీసి కుర్చీ చేతికి వేశాడు. పట్టకారులోని ఈకల చేపను ఒక్కసారి చూసుకున్నాడు. ఇంకొక్క ముడి, కాస్త గోళ్ల రంగు పూస్తే తల గట్టిపడేది. రేపే మంగళవారం.

"మరి నా గడ్డం?" అన్నాడు యేసయ్య.

"వచ్చినంక చేస్త."

చంద్రశేఖర్ పట్టకారు వదులు చేసి ఈకల చేపను లాగాడు. ముందు భాగాన్ని వేళ్లతో పట్టుకుని జనం వైపు తిరిగాడు. "చూడుండ్రి! అడవి జోలికొస్తే ఎవనికైనా గిదే గతి!" అంటూ చెయ్యి పైకెత్తి ఒక్క విసురు విసిరాడు.

నడుము దగ్గర తీగ మడతపడింది. హన్మంతు ఇన్నాళ్లూ నీళ్లలో చూడాలనుకున్నట్టే తోక గిర్రున తిరిగింది. వెనక గాలం సార్ తల వెనక్కి పోయి దేనికో తగులుకుంది.

"సార్, లాగకుండ్రి!" అని అరిచాడు హన్మంతు.

వెనక దండెం మీది తువ్వాలుకు తగులుకుందనుకున్నాడు చంద్రశేఖర్. కోపంగా బలమంతా పెట్టి లాగాడు.

చాయ్ గ్లాసులు నోటి దగ్గరే ఆగిపోయాయి.

చెరువులో ఒక్క కొరమీనునూ పట్టని ఆ గాలానికి, పోయిన వారమే హన్మంతు కత్తిరించి కురచ చేసిన సార్ కొత్త విగ్గు వేలాడుతోంది. దాని వెంట్రుకలకూ ఈకల చేప తోకకూ పిసరంత తేడా లేదు.