పర్వతాలు అవుట్

“నువ్వు దమ్ము పట్టకు. కూత నీ బదులు మేం పెడతం,” అన్నాడు దేవరకొండ కబడ్డీ కెప్టెన్ ఐలేశం. రైడర్ పర్వతాలుకు గుండె జబ్బని దవాఖానలో చెప్పినా, అతను లేకుంటే జట్టే లేదు మరి.

వెనుక జట్టంతా “కబడ్డీ కబడ్డీ” అని గొంతు చించుకుంటుంటే పర్వతాలు షికారు పోయినట్టు గీత దాటాడు. జబ్బు సంగతి ఆత్మకూరు జట్టుకూ తెలిసిపోయింది. అతను చేయి చాపకముందే ఒక్కొక్కడూ వచ్చి తాకించుకొని వినయంగా బయటికి నడిచాడు.

చివరికి షరీఫ్ మిగిలాడు. పోయినేడు పర్వతాలును కాలు పట్టి ఈడ్చినవాడు.

“పైలంగ పో భాయ్,” అని దారిచ్చాడు.

తన ఆట అయిపోయిందని పర్వతాలుకు అప్పుడు తెలిసింది. తన చేయి షరీఫ్ చేతిలో పెట్టాడు.

“పట్టుకో. అవుటయ్యే ఇంటికి పోత.”

షరీఫ్ నాడి చూస్తున్నట్టు మూడు వేళ్లతో పట్టుకున్నాడు.

“గట్ల కాదు భాయ్, గట్టిగ!”