ఫోటో కింద మాట

ఫ్లెక్సీల షాపులో కంప్యూటర్ తెర మీద అమల నవ్వుతోంది. ఫోటో పైన ‘కన్నీటి నివాళి’ అని ఉంది.

"కింద ‘మేధావి’ అని పెట్టేదా అన్నా?" అడిగాడు షాపు నడిపే జుల్ఫికర్.

"అది అందరికీ పెడతారప్పా. మా పాపకు ఇంకా పెద్ద మాట గావాల," అన్నాడు ఎల్లప్ప.

"‘వివేకవతి’? ‘సూక్ష్మబుద్ధి’?"

"ఎంత చిక్కు లెక్కయినా తడుముకోకుండా ఇడదీసేది. ఆ మాదిరి మాట సూడు."

"‘కుశాగ్రబుద్ధి’ అయితే?"

"ఆ! అదే కొట్టు."

అంతసేపూ గుమ్మంలోనే కూర్చున్న సుబ్బులమ్మ తలెత్తి భర్తను చూసింది.

"పానం తీసుకునే ముందురోజు బిడ్డ హాస్టల్ నుంచి ఫోన్ జేసి, ‘బుర్ర పనిచెయ్యల్యా నాయనా, బయమేస్తా ఉండాది, ఇంటికొచ్చేస్తా’ అనింది. అప్పుడు నువ్వేమంటివి?"

ఎల్లప్ప తెర మీది కూతురి ఫోటో వైపు తిరిగాడు.

"నీయంత తెలివిగల పిల్ల అట్ల మాట్లాడగూడదు అన్నాను."

జుల్ఫికర్ వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"ఆ మాట తీసేయప్పా," అన్నాడు ఎల్లప్ప. "‘ఇంటికొచ్చేయి బిడ్డా’ అని కొట్టు."