షార్ట్‌లీ

మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఒక్క కుదుపు కుదిపి లిఫ్టు ఆగిపోయింది. లోపల ఉన్నది ఇద్దరే. కళ్లజోడు మార్పించుకోడానికి బయలుదేరిన మాటల మేస్త్రి, ఆయనకి ముక్కూ మొహం తెలియని ఓ పెద్దావిడ. మేస్త్రి అంటే ఇటుకలు పేర్చే మేస్త్రి కాదు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఇంగ్లీషు ఉత్తరాలు రాస్తాడు కాబట్టి ఆఫీసువాళ్లు పెట్టిన పేరది. ఇప్పుడు ఆగిన లిఫ్టు బాగోగులు చూసేదీ ఆ కంపెనీయే.

సెల్‌ఫోనులో సిగ్నల్ లేదు. మేస్త్రి గోడమీది ఎర్ర బటన్ నొక్కాడు. చిల్లుల రేకులోంచి ఓ అమ్మాయి గొంతు పలికింది.

"సమ్‌వన్ విల్ బి విత్ యు షార్ట్‌లీ."

"ఏమంటోంది బాబూ?" అంది పెద్దావిడ.

"ఎవరో ఒకరు త్వరలో వస్తారటండీ."

"త్వరలో అంటే?" ఆవిడ సంచీలోంచి ఇన్‌హేలర్ తీసింది. దాని వెనక చిన్న కిటికీలో 4 అని అంకె కనిపిస్తోంది. "ఇంక నాలుగు పీల్పులే ఉన్నాయి నాయనా. తలుపులు మూస్తే నాకు ఊపిరాడదు. ఎంతసేపో తెలిస్తే సర్దుకుని వాడుకుంటాను. ఇప్పుడే కానిచ్చేసి, వాళ్లు తీరిగ్గా వస్తే నా గతేం కాను?"

మేస్త్రి మళ్లీ బటన్ నొక్కాడు. "అమ్మాయ్, ఎన్ని నిమిషాలు?"

"షార్ట్‌లీ సార్."

"అంకె చెప్పమ్మా, అంకె!"

"అప్రోప్రియేట్ యాక్షన్ ఈజ్ బీయింగ్ టేకెన్ సార్."

ఆ వాక్యాలు మేస్త్రి రాసినవే. ఫోన్ల గదిలో వాళ్లు చూసి చదివే కార్డు మీద మొదట 'ఇన్ని నిమిషాల్లో మెకానిక్ వస్తాడు' అనే ఉండేది. అంకె నోరు జారితే రేపు మెడకి చుట్టుకుంటుందని కొట్టేయించింది ఈయనే. మేనేజరుకి ఆ తెలివి ఎంత నచ్చిందంటే, అంకె గానీ తేదీ గానీ ఉన్న కాగితం మీద సంతకమే పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు.

"తల్లీ, ఆ కార్డు రాసిందే నేను! మన ఆఫీసులో ఉత్తరాలు రాసేది..."

అవతల కార్డు తిరగేసిన చప్పుడు. "యువర్ కన్సర్న్ హేజ్ బీన్ నోటెడ్ సార్."

అదీ ఆయన రాసిందే. కంపెనీలో మాకు ఫలానావారు తెలుసని బెదిరించేవాళ్ల కోసం ప్రత్యేకంగా రాశాడు.

పెద్దావిడ ఒకసారి పీల్చింది. కిటికీలో 3 పడింది. అద్దానికి వీపు ఆనించి మెల్లగా నేలమీదికి జారింది. మేస్త్రి చిల్లుల రేకుకి మొహం ఆనించాడు.

"అమ్మా, నీకు అమ్మమ్మ ఉందా?"

"ఉంది సార్." ఇది కార్డు మీద లేదు.

"ఇక్కడ కూలబడింది ఆవిడే అనుకో."

ఆ అమ్మాయి గొంతు బాగా తగ్గించి అంది. "ముప్పై నిమిషాలు సార్. మెకానిక్ ఊరికి అవతలి చివర ఉన్నాడు. ముప్పైకి ముందు మాత్రం రాడు. ఇక్కడన్నీ రికార్డవుతాయి, అంకె చెబితే నా ఉద్యోగం ఊడుతుంది."

"ముప్పై," అంది పెద్దావిడ. ఆవిడ మొహంలో కంగారు సగం తగ్గింది. చేతి గడియారం చూసుకుంది. "పదేసి నిమిషాలకి ఒకటి. మూడూ సరిపోతాయిలే."

ముప్పయ్యొకటో నిమిషంలో మెకానిక్ తలుపు పెకలించేసరికి ఇన్‌హేలర్ కిటికీలో సున్నా ఉంది. పెద్దావిడ తన కాళ్ల మీద తనే నడిచి వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు పిలిచాడు. "నిన్న ఫోన్ల గదిలో ఆ అమ్మాయి అంకె చెప్పేసింది. ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు ఉత్తరం రాయండి."

"అది చెప్పబట్టే ఓ ప్రాణం నిలబడింది సార్. లిఫ్టులో నేనూ ఉన్నాను."

"తెలుసు. మీ గొంతు కూడా రికార్డయింది. మీరు రాయనంటే ఇంకొకళ్లు రాస్తారు, అందులో రెండు పేర్లుంటాయి."

మేస్త్రి గది నలుమూలలా చూశాడు. నొక్కడానికి ఇక్కడ ఎర్ర బటన్ కూడా లేదు. ఇంటిదగ్గర చదువుకునే పిల్లలు గుర్తొచ్చారు. తనమీద తనకే అసహ్యం వేసింది. కాగితం లాక్కుని, చాలాసేపు ఆలోచించి, ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యం రాసి ఇచ్చాడు.

మేనేజరు వేలుపెట్టి మాటమాటా వెతికాడు. "అంకె లేదు, తేదీ లేదు. శభాష్, ఇదండీ మన కంపెనీ ఉత్తరమంటే!" అని సంతకం గీకేశాడు.

'యు విల్ బి రిలీవ్డ్ ఫ్రమ్ సర్వీస్ షార్ట్‌లీ' అన్న ఆ ఉత్తరం అందుకుని ఇది తొమ్మిదో ఏడు. పోయిన నెలే ఆ అమ్మాయికి ప్రమోషన్ వచ్చింది.