రేకుల కప్పు మీద ఎల్పీదియో

ఎల్పీదియో పిచ్చికి ఇక సూది అక్కర్లేదని కొత్త డాక్టరమ్మ తేల్చేసరికి, అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

మా కోకో తోటల కొండమీదికి ఏటా ఒక కొత్త డాక్టరు వస్తాడు. చదువు ముగిసిన వాళ్ళని పట్నం పెద్దలు ఏడాదిపాటు మామీద వదులుతారు. మేం అలవాటయ్యేలోగా బస్సెక్కేస్తారు. ఈ ఏడు వచ్చినామె పేరు నోర్కా. బొత్తిగా చిన్నపిల్ల. శ్రద్ధ మాత్రం జాస్తి.

అన్నదమ్ములిద్దరూ ఎప్పటిలాగే నెలసూదికి వచ్చారు. అన్న నికానోర్ నడుముకి కాయలు కోసే కత్తి, చేతిలో తమ్ముడు ఎల్పీదియో చెయ్యి. పదకొండేళ్ళుగా, తుఫాను వచ్చిన ఏడు తప్ప, ఒక్క నెలా మానలేదు. తమ్ముడికి సూదంటే భయమని, ముందు తాను పొడిపించుకుని ధైర్యం చెబుతాడు.

"మా వంశంలో బుర్ర తిరిగినవాడు వీడొక్కడేనమ్మా. ఏం చేస్తాం, మోస్తున్నాను" అన్నాడు.

డాక్టరమ్మ తమ్ముణ్ణి కూర్చోబెట్టి అడిగింది. జబ్బుందని తెలుసా? తెలుసు, బాగా ముదిరిందన్నాడు. గొంతులు వినిపిస్తాయా? మంగళవారాలు మాత్రమే అన్నాడు. ఎవరిమీదైనా చెయ్యెత్తావా? ఎన్నడూ లేదన్నాడు.

"తన జబ్బు తనకి తెలుసు. ఎవరికీ ప్రమాదం లేదు. సూది ఆపి చూద్దాం" అందామె.

నికానోర్ సంబరపడిపోయాడు. "బతికించావు తల్లీ. వీడి పుణ్యాన నాకు పడే పోట్లూ తప్పాయి."

ఎల్పీదియో గబగబా చొక్కా విప్పాడు. మెడ నుంచి భుజం దాకా పాత గాటు.

"తుఫాను ఏడు రెండు నెలలు మందు రాలేదమ్మా. ఇది అప్పటిదే. మా ఇంటి కత్తే."

ఇంకెవరికైనా తగిలిందా అని అడిగిందామె. లేదన్నాడు. మరింకేం అని ఆమె కలం తీసింది.

ఎల్పీదియో నర్సు ఉర్బానా వైపు చూశాడు. ఆవిడ తలెత్తి రేకుల కప్పు వైపు చూసిందంతే.

రెండు నిమిషాల్లో అతను కప్పు మీదున్నాడు. పంట్లాం తలపాగా అయింది. చంకలో ఉర్బానా పెంచుకుంటున్న కోడిపెట్ట. అది బిషప్పుగారట. కొండమీది జనమంతా వరసలో వచ్చి దానికి పాపాలు చెప్పుకోవాలట.

టీకాలకొచ్చిన తల్లులు మారుమాట లేకుండా వరసకట్టారు. పోస్టుమాస్టరు టోపీ తీసి మోకరిల్లాడు. ఇందులో అబద్ధముంటే ఆ పెట్టే నన్ను పొడవాలి.

నికానోర్ కింద చేతులు చాపుకుని నిలబడ్డాడు. "దిగరా నాయనా, జారతావు. సూది వేయిస్తాలే. ముందు నేనే పొడిపించుకుంటాగా."

డాక్టరమ్మ తను రాసింది చింపేసి, మందు మళ్ళీ రాసిచ్చింది.

లోపల ఉర్బానా రెండు సూదులు నింపింది: ఎల్పీదియోకి ఉత్త విటమిను, తోడుకని చెయ్యి చాపిన నికానోర్‌కి పదకొండేళ్ళుగా వేస్తున్న అసలు మందు.