ఇంటి మాట

"రేపు పోతదంటవా?" మగ్గం ఆపి తల్లిని అడిగాడు తుకారాం, వాళ్ల ఇంటి మాటలో.

రాట్నం మీద కండెలు చుడుతున్న అతని భార్య సింధూజ తల వంచుకుంది. అర్థం కానట్టు ఉండడం ఆమెకు అలవాటే. వనపర్తిలో హిందీ పండిట్ ఉద్యోగంలో చేరడానికి రేపే ఆఖరు రోజు. పోతానని ఇంకా నోరు తెరిచి అడగలేదు.

గద్వాలలో నేతపని చేసే ఈ ఇంట్లో వాళ్లు ఆమెతో తెలుగు, తమలో తాము మరాఠీలాంటి ఒక మాట మాట్లాడతారు. పండిట్ శిక్షణలో ఒక భాషా కుటుంబం చెట్టు గీసినప్పుడు హిందీ, మరాఠీ ఒకే కొమ్మ మీద కనిపించాయి. తన తెలుగు ఆ చెట్టు మీదే లేదు. ఆ కొమ్మ పట్టుకొని ఇంటి మాటను దొంగచాటుగా నేర్చుకుంది. అప్పట్నుంచి ఆమె చెవులకు నిద్ర లేదు.

"పోతే కండెలెవరు చుట్టాలె?" అన్నాడు తుకారాం.

"నేను సచ్చిన్నా?" అంది తల్లి. "పొద్దుగాల బస్సెక్కించు."

"అది అడగనే లేదు గదమ్మా."

"భయం. అందుకే నేను చెప్తనే ఉన్న."

"ఎవరికి? నాకా?"

"దానికే. మన మాట దానికి ఎప్పుడో వచ్చింది. నీతోటి చెప్పేదంతా అది వినాలనే."

రాట్నం ఆగింది. కోడలు బక్కగైంది, పాలు పొయ్యాలని అత్త అన్న మాట, చదువుకోనియ్యమన్న మాట, కూరల ఉప్పెక్కువైందన్న మాట కూడా. చాటుగా విన్నాననుకున్నవన్నీ తనకు చెప్పినవే. ఈ ఇంట్లో దాక్కున్నది తానొక్కతే.

"అత్తమ్మా," అంది ఇంటి మాటలో, మొదటిసారి. "పోయొస్త."

"గట్ల గొణుగుతవేంది?" అత్త తెలుగులో గద్దించింది. "పిల్లలకు పాఠం చెప్పేదానివి. గట్టిగ అను."