పచ్చగా వెలిగిన కడియం

మూడు నెలలకోసారి ఇంటికొకరు సర్కారు గోడకి బిగించిన మిషన్‌కి చెయ్యి అందించి రక్తం ఇవ్వాలి. ఈసారి వంతు నాది. సూదికి భయపడి, నా బదులు మా ఆవిడ సువర్చలను కూర్చోబెట్టాను. అమ్మకు చెప్పలేదు.

అందరి చేతికీ ఉండే కడియం మామూలుగా పచ్చగా వెలుగుతుంది. రక్తమిచ్చిన వాళ్లది, మళ్లీ ఒంటికి రక్తం పట్టేదాకా ఆరు వారాలు ఎర్రగా వెలుగుతుంది.

మర్నాడు భోజనాల దగ్గర అమ్మ నా కడియం చూసింది.

"అప్పుడే పచ్చబడిందే! మావాడి ఒళ్లు గట్టిది," అంటూ మునగాకు కూరంతా నా కంచంలోనే వేసింది.

నెయ్యి తెస్తున్న సువర్చల కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. ఎర్రగా వెలుగుతున్న కడియం మీదికి కొంగు లాక్కుంది.

"ఏమయిందే?"

"ఏం లేదత్తయ్యా, ఎండకి."

"ఆ ఒక్క నువ్వుండ కూడా వాడికే పెట్టు. రక్తమిచ్చాడు."

సువర్చల తెచ్చి నా కంచంలో పెట్టింది. తలెత్తకుండా తినేశాను.